బేరమాడని మనిషి

మా అక్క విజయవాడలో 30 ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసింది. ఇల్లు మారేటప్పుడు పాత టేకు డైనింగ్ టేబుల్ కొత్త ఫ్లాటులో పట్టదని, పాత సామాన్లు అమ్మే ఒక యాప్‌లో ఫొటోలు పెట్టింది. ధర 12 వేలు. పావుగంటలో ఫోన్ వచ్చింది. అవతలి మనిషి హిందీ, ఇంగ్లిషు కలిపి మాట్లాడాడు. సైన్యంలో పనిచేస్తున్నానని, ఈ ఊరికి బదిలీ అయిందని, టేబుల్ తీసుకెళ్లడానికి తమ యూనిట్ బండే వస్తుందని చెప్పాడు. పొడవెంతో, కుర్చీలెన్నో అడగలేదు. 12 వేలకు సరేనన్నాడు.

వాట్సాప్‌లో యూనిఫాం వేసుకున్న ఫొటో, గుర్తింపు కార్డు పంపాడు. ఆ వెనకే ఒక క్యూఆర్ కోడ్. "ముందు 5 రూపాయలతో చూద్దాం మేడమ్, మీ అకౌంట్ సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది" అన్నాడు. అక్క స్కాన్ చేసి పిన్ కొట్టింది. 5 పోయి, క్షణంలో 10 వచ్చాయి. ఆ 10 రూపాయలు చూశాక ఆమెకు అనుమానం పోయింది. రెండో కోడ్‌కి 12 వేలు పోయాయి. "సిస్టమ్‌లో ఇరుక్కున్నాయి, ఇంకోసారి స్కాన్ చేస్తే మొత్తం కలిసి వచ్చేస్తాయి" అన్నాడు. ఇంకో 12 వేలు పోయాయి. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు.

అక్క ఈ సంగతి తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. బావగారికి కూడా. పదో రోజు నాకు ఫోన్ చేసి, "అంతమందికి లెక్కలు చెప్పినదాన్నిరా, ఈ మాట ఎవరితో చెప్పుకోను?" అంది. 24 వేలు పోయినదానికంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అప్పటి నుంచి మా బంధువుల ఇళ్లలో పాత సామాను అమ్మిపెట్టే పని నేను తీసుకున్నాను. సైకిలు, వెట్ గ్రైండరు, చిన్నపిల్లల మంచం, రెండు బీరువాలు ఇప్పటిదాకా అమ్మాను. ఈ పనిలో నాకు బాగా పనికొచ్చిన పాఠం ఏ యాప్‌లోనూ లేదు. మా నాన్న వెంట సంతకు వెళ్లిన రోజుల్లోనే అది నా కళ్ల ముందు జరిగింది. నాన్న ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్లు చూసేవారు. సుడులు చూసేవారు. నాలుగడుగులు నడిపించి గిట్టలు చూసేవారు. తర్వాత వంకలు పెట్టేవారు. అమ్మేవాడు విసుక్కునేవాడు, ఆయన లేచి వెళ్లిపోబోయేవారు, మళ్లీ కూర్చునేవారు. డబ్బు ఖర్చు పెట్టబోయే మనిషి ప్రవర్తన అలా ఉంటుంది. తన డబ్బు గురించి అతనికి భయం ఉంటుంది.

అక్క టేబుల్‌ని చివరికి కొన్నది ఒక కుర్ర జంట. ఇద్దరూ సాయంత్రం వచ్చారు. అతను కింద కూర్చుని కాళ్లు ఊపి చూశాడు, ఆమె టేపు తెచ్చి కొలిచింది. ఒక కుర్చీ కాలు కదులుతోందని 2 వేలు తగ్గించమన్నారు. పదిన్నర వేలకు కుదిరింది. వాళ్లు బేరమాడుతున్నంతసేపూ అక్క ముఖంలో నెమ్మది కనిపించింది. వస్తువు చూడకుండా, ఒక్క రూపాయి తగ్గించమనకుండా, వెంటనే డబ్బు పంపుతానని తొందరపడేవాడు కొనడానికి రాలేదు. ఈ విషయంలో నాకిక సందేహం లేదు.

సైనికుడి వేషం ఎందుకంటే, జవానుకి మన ఇళ్లలో గౌరవం ఉంది. అతన్ని అనుమానించడానికి మనసొప్పదు. బదిలీ అంటే తొందర సహజమనిపిస్తుంది, డ్యూటీ అంటే మనిషి స్వయంగా రాకపోవడమూ సహజమనిపిస్తుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్, హర్యానాలోని నూహ్ ఉన్న మేవాత్ ప్రాంతపు ముఠాలు ఈ పద్ధతిలో దేశమంతా మోసాలు చేశాయి. మన పోలీసులు అక్కడిదాకా వెళ్లి అరెస్టులు చేసిన కేసులున్నాయి. కార్డు మీదున్న పేరు, ఫొటో చాలాసార్లు నిజమైన జవానువే. ఎక్కడో సంపాదించి వాడుకుంటారు. అందుకే మన ఆధార్ ఫొటో కూడా ఎవరికీ పంపకూడదు. రేపు ఇంకో ఊళ్లో ఇంకొకరిని నమ్మించడానికి అది పనికొస్తుంది.

ఇక డబ్బు ఎటు పోతుందన్నది అసలు విషయం. యూపీఐ మన చేతికొచ్చింది 2016లో. నాలుగో ఆరో అంకెల పిన్ రెండు పనులకే ఉంది: మన ఖాతాలోంచి డబ్బు పంపడానికి, నిల్వ చూసుకోవడానికి. రావలసిన డబ్బుకి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, ఏ లింకూ నొక్కక్కర్లేదు. మనం నిద్రపోతున్నా వచ్చేస్తుంది. సంతలో బయానా ఇచ్చేది కొనేవాడే. అమ్మేవాణ్ని జేబులో చెయ్యి పెట్టమన్నారంటే అక్కడితో మాట ఆపేయాలి. ఒక మనిషి ఇంకో మనిషికి 'డబ్బు పంపు' అని యూపీఐలో అభ్యర్థన పెట్టే సౌకర్యాన్ని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. మంచి నిర్ణయం, ఇంకా ముందే రావలసింది. కానీ క్యూఆర్ కోడ్ అలాగే ఉంది, పిన్ కొట్టే వేలు మనదే.

పిన్ అడగని మోసం కూడా ఉంది. మా బీరువా అమ్మకంలో నాకు ఎదురైంది అదే. 'మీ ఖాతాలో 60,000 జమ' అని మెసేజ్ వచ్చింది. వెంటనే ఫోన్: "6 వేలకి బదులు ఒక సున్నా ఎక్కువ కొట్టాను సార్, మా అమ్మ ఆసుపత్రిలో ఉంది, మిగతాది వెనక్కి పంపండి." నేను ఫోన్ పెట్టేసి బ్యాంకు యాప్ తెరిచి చూశాను. పైసా రాలేదు. ఆ మెసేజ్ వచ్చింది బ్యాంకు పేరుతో కాదు, మామూలు పది అంకెల నంబరు నుంచి. కొందరు ఇంటికే వచ్చి, పచ్చటి టిక్కు పడిన స్క్రీన్ చూపించి సామాను ఎత్తుకెళతారు. అచ్చం చెల్లింపు యాప్‌లా కనిపించే నకిలీ యాప్‌లున్నాయి. అవతలివాడి ఫోన్ ఏం చూపించినా నాకు అనవసరం. నా ఖాతాలో నిల్వ పెరిగాకే వస్తువు గడప దాటుతుంది.

అమెరికాలో చదువు ముగించి ఊరు మారుతూ పరుపు, బల్ల అమ్ముకునే మన పిల్లలకి ఇదే మోసం చెక్కు రూపంలో వస్తుంది. ధరకంటే ఎక్కువ రాసిన క్యాషియర్ చెక్కు పంపి, మిగతాది వెనక్కివ్వమంటారు. అక్కడి నిబంధనల ప్రకారం బ్యాంకు ఆ డబ్బుని త్వరగానే ఖాతాలో వాడుకోనిస్తుంది. చెక్కు దొంగదని తేలడానికి వారాలు పట్టవచ్చు. అప్పుడు మొత్తం మన దగ్గర్నుంచే వసూలు చేస్తుంది.

పోయాక ఏం చేయాలన్నది అక్క విషయంలో నాకు ఆలస్యంగా తెలిసింది. దొంగలు డబ్బుని ఒక ఖాతాలో ఉంచరు. నిమిషాల్లో నాలుగైదు ఖాతాలు దాటిస్తారు. సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే ఆ దారిలో ఎక్కడో ఒకచోట ఆపే అవకాశం ఉంటుంది. తెలంగాణలో అలా ఆగిన డబ్బుని లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించారు. తొమ్మిది రోజుల తర్వాత మేం ఫిర్యాదు చేసేసరికి ఆ ఖాతాలన్నీ ఖాళీ. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పొరపాటు ఖాతాదారుదైతే బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా అతని నష్టమే. ఆ తర్వాత జరిగేది బ్యాంకు భరించాలి. అందుకే 1930కి, బ్యాంకుకి ఫోన్ చేయడంలో ఆలస్యం పనికిరాదు. ఆ తర్వాత ఎవరైనా 'పోయిన డబ్బు తెప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి' అంటే, వాళ్లు ఆ ముఠాకి తోబుట్టువులే.

అక్క తొమ్మిది రోజులు ఆగింది తిడతామన్న భయంతో. ఆ భయం ఆమెకి మా ఇంట్లోనే పుట్టింది. వార్తల్లో ఇలాంటివి చూసినప్పుడల్లా 'చదువుకున్నవాళ్లు కూడా ఎలా పడతారో' అన్నది మేమే. ఆ మాట మీ ఇంట్లో అనకండి. ఈ రోజే మీ పెద్దవాళ్ల ఫోన్లలో 1930 నంబరు వేసి పెట్టి, ఏం జరిగినా ముందు ఫోన్ చేయమనండి, ఎవరూ ఏమీ అనరని చెప్పండి.