చచ్చిన చేపకు మెదడు పరీక్ష

మెదడు పనితీరును చిత్రించు ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. విద్యకు తొలిపాఠంగా క్రెయిగ్ బెన్నెట్ బృందం 2010లో ప్రచురించిన వ్యాసం చదువదగినది. చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో ఉంచి, మనుష్యుల ఫొటోలు చూపి, వారి మనోభావమేమని అడిగిరి. పాపం, చేప! అయినను పరీక్షించిన 8064 ఘనఖండాలలో 16 వెలిగినవి. వేయింట ఒక పొరపాటును అనుమతించినచో ఎనిమిది కాకతాళీయంగానే వెలుగును. లెక్క సవరింపగా అన్నియు ఆరిపోయినవి.

వ్యాసంలో హాస్యం పాలు హెచ్చు. అది చదివి యంత్రమే బూటకమనుకొనువారు కలరు. యంత్రం గుర్తించునది రక్తంలోని ప్రాణవాయువు మార్పును. రంగులు వేయునది గణితం. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులందు, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వాటిలో చేరగోరు పిల్లలకు రంగుల పటం చూపి ఊరుకొనుట చాలదు. బడిలోనే నాణెం ఎగురవేయించవచ్చును. వరుసగా పదిమార్లు బొమ్మే పడుట 1024లో ఒకసారి. నలుబదిమంది చేత ఇరువదియైదు విడతలు చేయించినచో, ఎవరో ఒకరి నాణెం 'వెలుగవచ్చును'.