కదిలే చుక్క

విజయవాడ నుంచి రాత్రి బస్సులో హైదరాబాద్ వస్తున్న కూతురి జాడ అమ్మ ఫోన్‌లో చుక్కై కదులుతుంటుంది. ఆ చుక్కను నడిపించే ప్రోగ్రామర్ల పనితనం నాకు అబ్బురం. 20,000 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహాల్లో కనీసం 4 అందితేనే జీపీఎస్ చోటు సరిగ్గా తేల్చగలదు. కూతురి ఫోన్‌లోని యాప్ అదేపనిగా చోటు అడిగితే బ్యాటరీ తెల్లారేలోపే ఖాళీ. అడక్కపోతే చుక్క సూర్యాపేటలోనే ఆగిపోతుంది, అమ్మ గుండె గుబేలుమంటుంది. అందుకే ఫోన్ కదలికను బట్టి ఆచితూచి అడిగేలా రాస్తారు. అయినా ఛార్జింగ్ మిగల్చడానికి ఫోనే ఆ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, యాప్ తెరవకున్నా చోటు తెలియాలంటే విడిగా అనుమతి కావాలి. ఉండాల్సిందే, మనిషి జాడ కదా! నాకు అన్నిటికన్నా నచ్చేది చుక్క కింద ‘10 నిమిషాల క్రితం’ అని ఉన్నదున్నట్టు చెప్పే చిన్న మాట. సిగ్నల్ లేదేమోలే అనుకుని అమ్మ మళ్లీ కళ్లు మూసుకుంటుంది.