సీ–డీ గోడ, ఏరు దాటిన డిస్కు

ఖమ్మంలోనైనా, భద్రాచలంలోనైనా మొరాయించిన కంప్యూటర్‌ని షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు ముందు అడిగేది ఒకటే: "సీలో ఏమన్నా ఉందా అన్నా?" లేదంటే ఫార్మాట్ కొట్టి, విండోస్ ఎక్కించి చేతిలో పెడతాడు. ఉందంటే మొహం చిట్లిస్తాడు. పార్టిషన్ వల్ల ఒరిగే మేలంతా ఆ ప్రశ్నలోనే ఉంది. విండోస్ డిస్కులో ఒక భాగంలో (సీ), మన ఫైళ్లు ఇంకో భాగంలో (డీ) ఉంటే, మొదటిదాన్ని తుడిచి మళ్లీ రాసినా రెండోది కదలదు.

దీన్నే బ్యాకప్ అనుకోవడం దగ్గరే నా పేచీ. చర్ల వైపు నెట్ సెంటర్‌లో పోడు పట్టాల దరఖాస్తుల స్కాన్లు, ఖమ్మంలో పెళ్లి ఫొటోలు, డీటీపీ షాపులో ఏళ్లనాటి శుభలేఖలు డీ డ్రైవ్‌లో ఒక్క ప్రతిగా పడి ఉండటం మామూలు. డీలో ఉన్నది సీలో ఉన్నదానికి నకలు కాదు. అది అసలే. కాకపోతే చోటు మారింది.

అలాగని పార్టిషన్‌ని తీసిపారేయలేం. సిస్టమ్ పాడైన రోజున మళ్లీ పనిలో పడటానికి దాన్ని మించిన దారి లేదు. సీ చిన్నదిగా, శుభ్రంగా ఉంటే మొత్తాన్నీ క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఇమేజ్‌గా తీసి పెట్టుకోవచ్చు. అవసరం పడితే విండోస్, ప్రింటర్ డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు వెనక్కి వస్తాయి. లినక్స్ వాడేవాళ్లు తమ ఫైళ్లుండే హోమ్‌ని వేరే పార్టిషన్‌గా పెట్టుకునేది కూడా సిస్టమ్ మళ్లీ ఎక్కించినా ఫైళ్లు కదలకుండా ఉండటానికే.

అయితే తన సొంత పనిలోనూ పార్టిషన్ ఒక్కోసారి మాట తప్పుతుంది. డెస్క్‌టాప్ మీద కనిపించే ఫైలు నిజానికి సీలోనే ఉంటుంది. డాక్యుమెంట్లూ, డౌన్‌లోడ్‌లూ అంతే. ప్రాపర్టీస్‌లో లొకేషన్ మార్చి వాటిని డీకి తరలించే వీలుంది, ఆ జోలికి వెళ్లేవాళ్లే తక్కువ. డీటీపీ వాళ్ల తిప్పలు ఇంకో రకం. పేజ్‌మేకర్ ఫైలు డీలో భద్రంగానే ఉంటుంది, కానీ అది నిలబడేది సీలో ఉన్న అను ఫాంట్ల మీద. ఫార్మాట్ తర్వాత ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సినచోట ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. ఇక కొలతల సంగతి. పాత అలవాటుకొద్దీ సీకి 50 జీబీ ఇస్తే ఏడాది తిరిగేసరికి ఎర్రగీత పడుతుంది. విండోస్ 11 అయితే కనీసం 64 జీబీ స్టోరేజీ అడుగుతుంది. పక్కన డీ ఖాళీగా ఉన్నా సీకి కలవదు. విండోస్ సొంత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీని పెంచాలంటే దానికి ఆనుకుని కుడివైపు కేటాయించని జాగా ఉండాలి, అక్కడ కూర్చున్నది డీయే మరి.

అసలు బలహీనత మాత్రం లోపల ఉంది. హార్డ్ డిస్కులో సీకీ డీకీ మోటారు ఒకటే, బోర్డు ఒకటే, చదివే తలలూ అవే. ఎస్ఎస్‌డీలో అయితే చిప్‌ల మీద రెండింటి మధ్య హద్దు కూడా ఉండదు. కంట్రోలర్ రెండింటి డేటానూ తన వీలునిబట్టి చిప్‌లలో ఎక్కడపడితే అక్కడ సర్దుతుంది. పాత ఎంబీఆర్ పద్ధతిలో ఈ విభజనకి మూలం మొదటి సెక్టార్‌లోని 64 బైట్ల పట్టిక. ఆ పట్టిక చెరిగినా టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి రాబట్టే అవకాశం ఉంది. తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతి ఇంకొంచెం జాగ్రత్తపడి పట్టిక నకలొకటి డిస్కు చివర్లో కూడా ఉంచుతుంది. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ నకలూ అదే డిస్కులో ఉంటుంది. పిడుగుపాటుకో, ఓల్టేజీ ఎగదన్నితేనో డిస్కే పోయిందంటే మొదలూ చివరా కలిసే పోతాయి.

1986 వరద తర్వాత కట్టిన భద్రాచలం కరకట్టదీ ఇదే తీరు. గోదావరిని ఆపుతుంది. నది పెరిగినప్పుడు స్లూయిస్‌లు మూసేస్తారు. అప్పుడు ఊళ్లో కురిసిన వాన బయటికి పోలేక లోపలే నిలుస్తుంది, మోటార్లు పెట్టి తోడాలి. కట్ట పనికిమాలినదని దీనికి అర్థం కాదు, ఏ నీటిని ఆపడానికి కట్టారో ఆ నీటినే ఆపుతుంది.

నకలు కోసం విడిగా కొనే రెండో డిస్కుకి పార్టిషన్‌కున్న ఈ జబ్బు లేదు. దాని జబ్బు వేరు: మనిషి బద్ధకం. కొన్న వారం రోజూ కాపీ చేస్తారు, తర్వాత అది సొరుగు చేరుతుంది. లేదంటే ఎప్పుడూ సిస్టమ్‌కే తగిలించి ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. 2017 మేలో వచ్చిన, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై తగిలించి ఉన్న డ్రైవ్‌లనీ వదల్లేదు. సీ, డీ, ఎక్స్‌టర్నల్ అన్న తేడా దానికి లేదు.

ఆ డిస్కు ఎక్కడ ఉండాలన్నది ఇక్కడ ఉత్తి సాంకేతిక ప్రశ్న కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, అవతల బూర్గంపాడు మండలంలోనూ ఊళ్లు మునిగాయి. కాబట్టి నకలుని అవతలి ఒడ్డున చుట్టాలింట్లో పెడితే సరిపోదు. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న ఖమ్మం నయమా అంటే, 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి అక్కడి కాలనీలు నీళ్లలో ఉన్నాయి. అయినా నా ఓటు ఖమ్మానికే. మున్నేరు కృష్ణలో కలిసే ఏరు, భద్రాచలం గోదావరి ఒడ్డు. రెండూ ఒకే రోజున పొంగకూడదని లేదు గానీ, ఒకే నది రెండు ఒడ్లనూ నమ్ముకోవడం కన్నా రెండు నదుల ఊళ్లను నమ్ముకోవడం మేలు. ఖమ్మంవాళ్లు తమ డిస్కుని భద్రాచలంలో ఉంచితే లెక్క సరిపోతుంది, మేడమీద అయితే మరీ మంచిది.

క్లౌడ్ ఉందిగా అంటారు నగరవాసులు. రోజుకి 2 జీబీ ఇచ్చే ఫోన్ డేటాతో 200 జీబీ పైకి పంపాలంటే వంద రోజులు, అదీ సిగ్నల్ దొరికితే. దరఖాస్తుల స్కాన్లకి చాలు, పెళ్లి వీడియోలకి కాదు.

చేతిలో డబ్బు కొంచెమే ఉన్నా నేను డిస్కు కొనమంటాను. పార్టిషన్‌కి ఎటూ ఖర్చు లేదు. దాని అసలు ఉపయోగం కూడా ఇక్కడే తేలుతుంది: ఏది కాపీ చేయాలో వెతుక్కోనక్కర్లేదు, డీ మొత్తం ఎత్తి డిస్కులో వేస్తే చాలు. ఫాంట్ల ఫోల్డర్‌నీ, సీ ఇమేజ్‌నీ వెంట వేయడం మరవొద్దు. ఊరు దాటించేముందు ఆ డిస్కుని ఇంకో సిస్టమ్‌కి తగిలించి, పాత శుభలేఖ ఒకటి తెరిచి, తెలుగు తెలుగులాగే కనిపిస్తోందా అని చూసుకోవాలి.