సరుకేమిటో చెప్పే టెంట్

న్యూజిలాండ్‌లో వేసవి డిసెంబరులో మొదలవుతుంది. క్రిస్మస్ సెలవుల నుంచి ఫిబ్రవరి దాకా తీరాల వెంట, పొలాల్లో, ద్రాక్షతోటల్లో సంగీతోత్సవాలు జరుగుతూనే ఉంటాయి. కుర్రకారు అక్కడే టెంట్లు వేసుకుని రాత్రంతా డాన్స్ చేస్తారు. వాళ్లలో కొందరి జేబుల్లో ఎండీఎంఏ అనే మత్తుమందు పేరుతో కొన్న మాత్రో పొడో ఉంటుంది. అది నిజంగా ఎండీఎంఏ అవునో కాదో కొన్నవాడికి తెలియదు. చాలాసార్లు అమ్మినవాడికీ తెలియదు. ఆ ఒక్క సంగతి తేల్చి చెప్పడానికే 2014-15 వేసవిలో వెండీ ఆలిసన్, ఆమెతో కలిసిన కొద్దిమంది వాలంటీర్లు పనిలోకి దిగారు. ఆ బృందమే ‘నో యువర్ స్టఫ్’. వాళ్ల ఉద్దేశం మంచిదని వేరే చెప్పనక్కర్లేదు. నన్ను కట్టిపడేసింది వాళ్ల పనితీరు.

ఈ పనికి వాళ్లకన్నా ముందే దారి వేసినవాళ్లున్నారు. నెదర్లాండ్స్‌లో మత్తుపదార్థాలను పరీక్షించే జాతీయ వ్యవస్థ 1992 నుంచే నడుస్తోంది. వియన్నాలో 1997లో ‘చెక్‌ఇట్’ వచ్చింది. అమెరికాలో 1998లో ఎమాన్యుయల్ స్ఫీరియోస్ ‘డాన్స్‌సేఫ్’ను స్థాపించారు. డాన్స్‌సేఫ్ వాలంటీర్ల చేతిలో ఉన్నది మార్క్విస్ ద్రావకం, అంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఫార్మాల్డిహైడ్ కలిపి చేసింది. పంతొమ్మిదో శతాబ్దం నాటి రసాయనం. ఒక చుక్క వేస్తే ఎండీఎంఏ ఊదా రంగుకు తిరిగి నల్లబడుతుంది, ఆంఫెటమిన్ నారింజ రంగుకు వస్తుంది. ప్రాణాలు తీసిన పీఎంఏ అనే మందు మాత్రం ఏ రంగూ చూపదు. కంసాలి గీటురాయిలాగా ఇదీ చవక, చురుకు, ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. కానీ ఎండీఏ అనే మరో మందు మీద వేసినా అదే నలుపు వస్తుంది. పైగా ఆ నలుపు కింద ఇంకేదైనా పదార్థం దాగి ఉంటే కంటికి అందదు. న్యూజిలాండ్ బృందం కూడా మొదట ఈ రంగు చుక్కలతోనే పని మొదలుపెట్టింది. వాటి హద్దు ఎక్కడుందో తెలిసినవాళ్లు కాబట్టి అక్కడితో ఆగలేదు.

2016 నుంచి, న్యూజిలాండ్ డ్రగ్ ఫౌండేషన్ తోడ్పాటుతో, వాళ్ల బల్ల మీదకు ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ వచ్చింది. ఆ బల్ల దగ్గర జరిగే పని కాస్త నిదానంగా చూడాలి. యంత్రం మధ్యలో చిన్న వజ్రపు బిళ్ల ఉంటుంది. అగ్గిపుల్ల తల కన్నా తక్కువ పొడి దాని మీద పెట్టి, పైనుంచి అదిమి, కింద నుంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపుతారు. ఒక్కో రసాయన బంధం ఒక్కో తరంగాన్ని మింగేస్తుంది. ఎక్కడ ఎంత మింగిందో తెర మీద గీతగా వస్తుంది. కంప్యూటరు ఆ గీతను తన దగ్గరున్న వేల గీతలతో పోల్చి, దగ్గరగా ఉన్నవాటి పేర్లు చూపిస్తుంది.

అసలు నైపుణ్యం ఇక్కడి నుంచే మొదలవుతుంది. కంప్యూటరు పైన చూపిన పేరును తొందరపడి చదివేస్తే సగం తప్పు దొర్లుతుంది. ఆ పదార్థం గీతను మొత్తం గీతలోంచి తీసేసి, మిగిలినది ఏమిటని మళ్లీ వెతకాలి. అప్పుడు చక్కెరో, మాత్ర గట్టిపడడానికి కలిపిన సెల్యులోజో, అసలు ఊహించని మరో మందో బయటపడుతుంది. ఇలా ఒక్కో పొరా విడదీయడం కంటికీ ఓర్పుకూ సాధన ఉంటేనే వస్తుంది. బయట సంగీతం హోరెత్తుతూ, టెంట్ ముందు వరస పెరుగుతున్నప్పుడు కూడా ఈ పని తొందరపడకుండా చేయగలగడం నా దృష్టిలో గొప్ప విద్య. ఇంతా చేసి, నూటికి ఐదు పాళ్ల కన్నా తక్కువ ఉన్నదాన్ని ఈ యంత్రం పట్టుకోలేకపోవచ్చు. మాత్రలో మందు ఎంత మోతాదులో ఉందో కచ్చితంగా చెప్పలేదు. వాలంటీర్లు ఈ మాట దాచరు, ఫలితంతో పాటే చెబుతారు.

ఇంకో చిక్కు ఉండేది. అప్పటి చట్టం ప్రకారం వాలంటీరు ఆ పొడిని చేతిలోకి తీసుకుంటే నిషిద్ధ పదార్థం అతని దగ్గర ఉన్నట్టే లెక్క. అందుకని తెచ్చినవాళ్లే తమ చేత్తో చిటికెడు తీసి వజ్రపు బిళ్ల మీద పెట్టేలా పద్ధతి ఏర్పరిచారు. పరీక్ష చేసేవాడు పక్కన నిలబడి ఎలా పెట్టాలో చెప్పేవాడే తప్ప ముట్టుకునేవాడు కాదు. ఉత్సవ నిర్వాహకులది వేరే భయం. 1975 నాటి మత్తుపదార్థాల చట్టంలో, తమ స్థలంలో డ్రగ్స్ వాడకం జరుగుతోందని తెలిసీ ఊరుకుంటే నేరం. పరీక్షల టెంట్‌ను పిలిస్తే తెలుసని ఒప్పుకున్నట్టే అయ్యేది. ఆ భయం తెలిసీ కొందరు పిలిచారు. వాళ్లదీ చిన్న ధైర్యం కాదు.

ఫలితం వచ్చాక, తెచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని వివరిస్తారు. ఈ భాగం నాకు అన్నిటికన్నా నచ్చింది. ‘ఇది మంచిదే, వేసుకోవచ్చు’ అన్న మాట వాళ్ల నోట రాదు. అసలు వేసుకోకపోవడమే అన్నిటికన్నా క్షేమమని చెబుతారు. మందలించరు, బుజ్జగించరు. ఫలానా పదార్థం కనిపించింది, అది ఒంట్లో ఇలా పనిచేస్తుంది, ఇంకో మందుతో కలిస్తే ఈ ప్రమాదం, అని చెప్పి అవతలివాళ్ల ప్రశ్నలు వింటారు. పరీక్షలు పెడితే జనానికి లేనిపోని ధీమా వస్తుందని విమర్శించేవాళ్లున్నారు. ఆ విమర్శను కొట్టిపారేయలేం. యంత్రం పేరు చూపించి పంపేస్తే అలాగే జరుగుతుంది. అందుకే ఈ మాటల కుర్చీ లేకుండా ఆ యంత్రానికి విలువ లేదని నేను నమ్ముతాను. బ్రిటన్‌లో ‘ద లూప్’ సంస్థ 2016లో ఒక ఉత్సవంలో పరీక్షించినవాటిలో దాదాపు ఐదో వంతు చెప్పి అమ్మిన సరుకు కాదని తేలింది. అది విన్నవాళ్లలో ఎక్కువమంది తమ దగ్గర మిగిలింది అక్కడే వదిలేసి వెళ్లారు.

న్యూజిలాండ్ బృందం ప్రతి వేసవి ముగిశాక ఏం దొరికింది, ఎందరు మనసు మార్చుకున్నారు అని రాసి బయటపెడుతూ వచ్చింది. చట్టం మారాలన్న వాదనకు ఆ లెక్కలే బలమయ్యాయి. అప్పటి పోలీసు మంత్రి స్టువర్ట్ నాష్ బాహాటంగా మద్దతిచ్చినా, సంకీర్ణ ప్రభుత్వంలోని న్యూజిలాండ్ ఫస్ట్ పార్టీ ఒప్పుకోలేదు. 2020 ఎన్నికల్లో ఆ పార్టీ పార్లమెంటులో చోటు కోల్పోయింది. ఆ డిసెంబరులో, ఉత్సవాలు మొదలయ్యేలోగా, ఏడాది గడువుతో చట్టం వచ్చింది. దాని ప్రకారం పరీక్షకు తెచ్చిన సరుకును వాలంటీర్లు చేత్తో తీసుకోవచ్చు, ప్రయోగశాలకు పంపవచ్చు.

ఆ వేసవిలోనే ఎండీఎంఏ అని తెచ్చినవాటిలో యూటిలోన్ అనే మరో మందు పదేపదే బయటపడింది. దాని ప్రభావం తొందరగా తగ్గిపోతుంది. పనిచేయలేదనుకుని ఇంకా వేసుకున్నవాళ్లకు గుండెదడ, ఆందోళన, ఒకటి రెండు రోజులు నిద్ర లేకపోవడం. మార్క్విస్ చుక్కకు యూటిలోన్ పసుపు రంగు చూపుతుంది. ఎండీఎంఏతో కలిపి ఉంటే మాత్రం ఆ పసుపును నలుపు కప్పేస్తుంది. ఇలాంటి మిశ్రమాల దగ్గరే గీతలోంచి గీత తీసి చూసే ఓర్పు అక్కరకొస్తుంది. బృందం వెంటనే హెచ్చరికలు జారీ చేసి, ఉత్సవాలకు రానివాళ్లకు కూడా సంగతి చేరేలా చూసింది. 2021లో పార్లమెంటు ఆ చట్టాన్ని శాశ్వతం చేసింది. ఇప్పుడు ఈ పని చేయడానికి ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది.