యోగి మెడలో టై

1992 అక్టోబరు 1న అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ మొదలైంది. రాత్రీ పగలూ కార్టూన్లే వేసే ఛానల్. అయితే ఆ రోజుకి తన కోసం గీయించుకున్న సిరీస్ ఒక్కటీ దాని దగ్గర లేదు. ఉన్నదంతా పాత సరుకే. మొట్టమొదట వేసిన కార్టూన్ 1946 నాటిది, బాబ్ క్లాంపెట్ తీసిన ‘ది గ్రేట్ పిగ్గీ బ్యాంక్ రాబరీ’. అందులో డాఫీ డక్ డిటెక్టివ్ బొమ్మల కథ చదువుతూ ఊగిపోయి, తన పిడికిలితో తననే గుద్దుకుని స్పృహ తప్పి, కలలో తనే డిటెక్టివ్ అయిపోతాడు. నలభై ఆరేళ్ళ కిందటి బాతు చేత కొబ్బరికాయ కొట్టించారన్నమాట.

నేను యానిమేషన్ పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. చరిత్ర చెప్పాల్సి వచ్చినప్పుడు డిస్నీ దగ్గర కన్నా ఈ 1992 దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. కొత్తగా ఏమీ గీయని ఏడాదిలో గీతలు నేర్చుకునేవాళ్ళకు ఏముంటుందని కొత్త బ్యాచ్ ప్రతిసారీ మొహం చిట్లిస్తుంది. చిట్లించనీ.

ముందు ఆ బాతు సంగతి. డాఫీ వార్నర్ బ్రదర్స్ వాళ్ళ బిడ్డ. ఛానలేమో టెడ్ టర్నర్‌ది. అక్కడి బాతు ఇక్కడికెలా వచ్చింది? 1956లో వార్నర్ వాళ్ళు తమ పాత సినిమాలతో పాటు 1948కి ముందు తీసిన రంగుల కార్టూన్లను కూడా టీవీలకు సినిమాలు సరఫరా చేసే ఒక కంపెనీకి అమ్మేశారు. ఇక వాటితో ఏం వస్తుందిలే అనుకున్నట్టున్నారు. ఆ కంపెనీ నుంచి యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు, దాన్ని ఎంజీఎం కొనేస్తే ఎంజీఎంకు, 1986లో ఎంజీఎంను కొన్న టర్నర్‌కు అవి చేతులు మారుతూ వచ్చాయి. టర్నర్ అప్పు తట్టుకోలేక స్టూడియోను కొద్ది నెలల్లోనే వదిలించుకున్నాడు. సినిమాల గోదాము మాత్రం వదల్లేదు. టామ్ అండ్ జెర్రీ ఆ గోదాములోనే ఉంది. 1991లో హన్నా-బార్బెరా స్టూడియోను కూడా కొన్నాక యోగి బేర్, ఫ్లింట్‌స్టోన్స్, స్కూబీ డూ వచ్చి చేరాయి. ఇంత సరుకు పెట్టుకుని ఛానల్ పెట్టకపోతేనే ఆశ్చర్యం. మొదలైనప్పుడు అది చేరిన ఇళ్ళు మాత్రం 20 లక్షలే. అప్పటి కేబుల్ వాళ్ళ దగ్గర కొత్త ఛానళ్ళకు చోటుండేది కాదు.

ఈ సరుకులో మా వృత్తివాళ్ళు చూడాల్సిన విషయం ఒకటుంది. టామ్ అండ్ జెర్రీ చేసిందీ, యోగి బేర్ చేసిందీ ఒకే ఇద్దరు. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. 1940 నుంచి 1958 దాకా ఎంజీఎం పేరు మీద విడుదలైన 114 టామ్ అండ్ జెర్రీలను ఈ జంట తీసింది, 7 ఆస్కార్లు తెచ్చింది. కథ, పోజులు బార్బెరావి. ఏ దెబ్బ ఎన్నో ఫ్రేములో పడాలి, ఎంతసేపు ఆగాక పడాలి అన్న తాళం లెక్క హన్నాది. దెబ్బ తగిలినప్పుడు టామ్ వేసే గావుకేక కూడా ఆయన గొంతే.

1957లో ఎంజీఎం ఆ కార్టూన్ విభాగానికి తాళం వేసింది. పాతవాటినే మళ్ళీ విడుదల చేస్తే కొత్తవాటికొచ్చేంత డబ్బూ దాదాపుగా వచ్చేస్తోందని ఎవరో లెక్క తేల్చారు. అలా తాము గీసిన బొమ్మలే వాళ్ళ ఉద్యోగాలు ఊడగొట్టాయి. ముప్పై అయిదేళ్ళ తర్వాత ఒక ఛానల్‌ను నిలబెట్టినవీ అవే.

ఉద్యోగాలు పోయిన ఇద్దరూ టీవీ గడప తొక్కారు. అక్కడ అయిదు నిమిషాల కార్టూన్‌కు ఇస్తామన్నది 3 వేల డాలర్ల లోపే. ఎంజీఎంలో ఏడు నిమిషాల బొమ్మకు పదుల వేలు ఖర్చుపెట్టిన చేతులు మరి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఏడు నిమిషాలంటే 10,080. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా 5,040 బొమ్మలు గీయాలి. అది పాత్ర ఒక్కటే ఉంటే. పిల్లీ ఎలుకా ఒకదాన్నొకటి తరుముకుంటుంటే లెక్క ఎక్కడికి పోతుందో మీరే వేసుకోండి. ఆ పైన ప్రతి బొమ్మనూ సెల్ అనే పారదర్శకమైన షీటు మీదికి ఎక్కించాలి, ఇంకు పెట్టాలి, వెనకవైపు రంగు నింపాలి.

3 వేలకు అది కుదరదు. కాబట్టి ఏది కదలాలి అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఏది కదలకపోయినా జనం పట్టించుకోరు అన్న దగ్గర మొదలుపెట్టారు. యోగి మాట్లాడుతుంటే తల ఊగుతుంది, నోరు ఆడుతుంది. ఒళ్ళు మాత్రం ఒకే సెల్ మీద గీసి పెట్టేసిన బొమ్మ. మరి తలకూ ఒంటికీ మధ్య అతుకు కనపడదా? అందుకే బట్టలు లేని ఎలుగుబంటి మెడకు కాలరూ టై తగిలించారు. చిన్న ఎలుగు బూబూకు బో టై. హకల్‌బెరీ హౌండ్‌కూ అంతే. క్విక్ డ్రా మెక్‌గ్రా అనే గుర్రానికి మెడలో రుమాలు. పిల్లలు దాన్ని సోకు అనుకున్నారు. నిజానికది అతుకు మీద కప్పిన గుడ్డ.

మన తోలుబొమ్మలవాళ్ళకు ఈ చిట్కా చెప్పనక్కర్లేదు. నిమ్మలకుంటలో తోలు కోసి రంగులద్దే చేతులు మెడ, భుజం, మోచేయి దగ్గర ముక్కలను విడివిడిగా చేసి దారంతో కలుపుతాయి. ఏ పాత్రకు ఎన్ని కీళ్ళు కావాలో ఆటను బట్టి ఉంటుంది. నాట్యం చేసే బొమ్మకు ఎక్కువ, గంభీరంగా నిలబడి పద్యం అందుకునే బొమ్మకు తక్కువ. హాలీవుడ్‌లో బడ్జెట్ నేర్పిన పాఠం ఇక్కడ తెర వెనక ఏనాటి నుంచో ఉంది.

1992కు ముందు అమెరికా పిల్లలకు కార్టూన్లంటే ముఖ్యంగా శనివారం పొద్దుట, బడి వదిలాక కాసేపు. కొత్త ఛానల్ వాటిని పొద్దస్తమానం వరసబెట్టి వేసింది. ఇప్పుడొక టామ్ అండ్ జెర్రీ, కాసేపటికి ఫ్లింట్‌స్టోన్స్. ఒకే చేతుల్లోంచి వచ్చిన ధారాళమూ పిసినారితనమూ పక్కపక్కనే. అలా చూపించాలని ఎవరూ పథకం వేయలేదు, గోదాములో అవే ఉన్నాయి కాబట్టి వేశారు. నా దృష్టిలో మాత్రం అదే ఆ ఏడాది చేసిన పెద్ద పని. మా క్లాసులో నేను చేసేది దానికి నకలే. ధ్వని తీసేసి రెండూ వెంటవెంటనే వేస్తాను. టామ్ పరిగెత్తినప్పుడు వీపు, భుజాలు, తోక ఒక్కోటి ఒక్కో వేళకు సాగి ముడుచుకుంటాయి. ఫ్రెడ్ ఫ్లింట్‌స్టోన్ తన ఇంట్లో పరిగెత్తితే వెనక అదే కిటికీ, అదే కుర్చీ, మళ్ళీ అదే కిటికీ. ఆ ఇల్లు ఎంత పొడుగో అని పిల్లలు నవ్వుతారు.

తర్వాత ధ్వని పెడతాను. ఇప్పుడు ఆ కిటికీని ఎవరూ లెక్కపెట్టరు, మాట లాక్కుపోతుంది. పొదుపు చేసిన శ్రమ ఎక్కడికీ పోలేదని, యోగికి గొంతిచ్చిన డాస్ బట్లర్ లాంటివాళ్ళ నెత్తికి మారిందని అక్కడ తెలుస్తుంది. బగ్స్ బన్నీని అంత సొగసుగా ఆడించిన చక్ జోన్స్‌కు ఈ పద్ధతి గిట్టేది కాదు. ఇది బొమ్మలు అతికించిన రేడియో అని ఎత్తిపొడిచేవాడు. అక్కసుతో అన్నా అందులో సగం నిజముంది.

ఆ సగం నిజం మన ఇళ్ళల్లోనే తేలింది. 1995లో ఆ ఛానల్ మన దేశానికి వచ్చినప్పుడు పగలు కార్టూన్లు, రాత్రయితే టీఎన్‌టీ పేరుతో పాత హాలీవుడ్ సినిమాలు. మాటలన్నీ ఇంగ్లీషే. టామ్ అండ్ జెర్రీకి భాషతో పని లేదు. మనవడితో పాటు కూర్చున్న అమ్మమ్మ కూడా పిల్లిని చూసి ‘తగిన శాస్తి అయింది సచ్చినోడికి’ అనేది. అదే ఫ్లింట్‌స్టోన్స్ వస్తే ఆవిడ లేచి వంటింట్లోకి పోయేది. తిప్పలు పడి ఆదా చేసిన బొమ్మల బరువంతా మోస్తున్న ఆ ఇంగ్లీషు చతుర్లు మన దాకా రాలేదు. తెలుగు గొంతులు వచ్చింది తర్వాత. ఇవాళ్టికీ మన పిల్లలకు టామ్ తెలిసినంతగా ఫ్రెడ్ తెలియకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా అనుమానం. పొదుపును ఎంత మెచ్చుకున్నా ఈ సంగతి దాచకూడదు కాబట్టి క్లాసులో ఇది కూడా చెబుతాను.

గోదాము ఎంత పెద్దదైనా అవే ఎన్నాళ్ళు వేస్తారు? సొంతంగా ఏదైనా చేయాలి, చేతిలో డబ్బు తక్కువ. అప్పుడు ఛానల్‌లోని మైక్ లాజో బృందం చేసిన పని చూస్తే హన్నా, బార్బెరాలే పొదుపులో వెనకబడ్డారనిపిస్తుంది. 1966 నాటి ‘స్పేస్ ఘోస్ట్’ అనే వీరుడి సిరీస్‌లోంచి బొమ్మలు కత్తిరించి, కొత్త గొంతులు పెట్టి, 1994లో ఆ వీరుణ్ణి టాక్ షో యాంకర్‌ను చేసేశారు. అతని పాత శత్రువుల్లో జోరాక్‌కు బ్యాండ్ అప్పగించారు, మోల్టార్‌కు డైరెక్షన్. టీవీ తెరలో కనిపించే అతిథులు నిజమైన మనుషులు. తగిన బొమ్మ దొరక్కపోతే పాత్ర కదలకుండా అలా నిలబడి కన్నార్పుతుంది, ఆ నిలబడటమే నవ్వు తెప్పిస్తుంది. ‘ఇది యానిమేషనా సార్, ఎడిటింగా?’ అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. నిర్మాతకు ఏ పేరు చెబితే డబ్బిస్తాడో ఆ పేరు పెట్టుకో తల్లీ అన్నాను.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1995లో కొత్తవాళ్ళకు ఏడేసి నిమిషాల చొప్పున అవకాశమిస్తూ ‘వాట్ ఎ కార్టూన్’ వచ్చింది. దాంట్లోంచి గెండీ టార్టకోవ్‌స్కీ డెక్స్‌టర్, క్రెయిగ్ మెక్‌క్రాకెన్ పవర్‌పఫ్ గర్ల్స్ బయటికొచ్చాయి. డెక్స్‌టర్‌ను ఆపి ఆపి చూడండి. ఒళ్ళు బల్లపరుపుగా, గీతలు మొద్దుగా, మధ్యమధ్యలో కొయ్యబారినట్టు నిలబడిపోయి, ఒక్కసారిగా ఇంకో పోజులోకి దూకుతాడు. నిలబడటం ఫ్రెడ్‌ది, దూకడం టామ్‌ది. అదే వరసలో సుమారు ఎనభై అయిదేళ్ళ హన్నా కూడా కుర్రాళ్ళతో పాటు తన వంతు చిన్న బొమ్మలు తీసిచ్చాడు. ఆయన ఓపికకు దండం పెట్టాలి.

వచ్చే వారం కొత్త బ్యాచ్‌కు నేనిచ్చే మొదటి పని సిద్ధంగా ఉంది. రెండు పాత్రలు, నిమిషం నిడివి, మొత్తం ఇరవై బొమ్మలకు మించకూడదు. కంప్యూటర్‌లో బొమ్మకు పైసా ఖర్చుండదు కదా, ఈ పీనాసి లెక్కేమిటని వెనక బెంచీలో గొణుగుతారు. గొణుక్కుంటూనే ఎవరో ఒకరు పాత్ర మెడకు కండువా చుడతారు.