బిర్యానీ ఆకు మొక్క కొనేముందు

బీదర్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. రాష్ట్రం మారినా వంటిల్లు మారలేదు. బీదర్ దగ్గరి జనవాడలో బగారా అన్నం చేస్తే నూనెలో షాజీరా, లవంగాలతో పాటు రెండు బిర్యానీ ఆకులు పడాల్సిందే. కరివేపాకు, పుదీనా పెరట్లోంచి వస్తాయి. ఇదొక్కటే కిరాణా కొట్టు నుంచి, అదీ ఎండి పెళుసుబారి వస్తుంది. ఒక మొక్క మనమే పెట్టుకుంటే పోలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

నర్సరీకి వెళ్తే చిక్కు అక్కడే మొదలు. ఒకే పేరు మీద మూడు రకాల మొక్కలు అమ్ముతారు. కాబట్టి అమ్మేవాడి మాట కన్నా ఆకును నమ్మడం మంచిది. ఒక ఆకు తుంచి వెలుగుకు ఎదురుగా పట్టుకోవాలి. తొడిమ దగ్గర బయల్దేరిన మూడు ఈనెలు నిలువుగా కొస వైపు సాగితే అది తేజ్‌పత్తా. నలిపితే దాల్చినచెక్క వాసన వస్తుంది. నడుమ ఒకే ఈనె ఉండి, అంచు కాస్త అలలు తిరిగి, వాసనలో నీలగిరి తైలం ఛాయ తగిలితే అది మధ్యధరా సముద్ర తీరపు అసలు లారెల్. డెల్ఫీలో జరిగే పోటీల విజేతలకు ప్రాచీన గ్రీకులు కిరీటంగా పెట్టింది ఈ ఆకునే. ఒకే ఈనె ఉండి, నలపగానే లవంగం వాసన గుప్పుమంటే అది ఆల్‌స్పైస్. మొదటి రెండూ ఒకే కుటుంబం. మూడోది జామకు చుట్టం.

మన బిర్యానీలో పడేది ఎక్కువగా తేజ్‌పత్తాయే. దాని పుట్టిల్లు హిమాలయ పాదాలు, మేఘాలయ కొండలు. ఉత్తరాఖండ్ తేజ్‌పత్తాకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడి నేల పులుపు, గాలి తేమ. ఇక్కడ ఏడాదికి పడేది దాదాపు 850 మిల్లీమీటర్ల వాన, అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఏప్రిల్ గాలి చెంపకు కొట్టినట్టుంటుంది. అందుకని లేత మొక్కకు మొదటి రెండు మూడు వేసవులు నీడ తప్పదు. మునగ చెట్టు కిందైనా సరే, గోనెపట్టా పందిరి కిందైనా సరే.

అసలు పేచీ మట్టితో. బీదర్ గుట్ట మీది ఎర్రమట్టిలో నీళ్లు ఇట్టే దిగిపోతాయి. నల్లరేగడిలో అలా కాదు. ముసురు పట్టిందంటే రోజుల తరబడి తడి ఆరదు. తేజ్‌పత్తా అయినా లారెల్ అయినా వేరు దగ్గర నీళ్లు నిలిస్తే బతకదు. ఆకు పసుపుబారి రాలుతుంటే దాహమేస్తోందని ఇంకో చెంబు పోస్తారు. మొక్క అక్కడే చచ్చిపోతుంది. ఇంకో రోగం కూడా ఉంది. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరిగితే అది ఇనుము లోపం. సున్నం ఉన్న రేగడిలో, బోరు నీళ్లలో ఇది మామూలే. జనవాడ రోడ్డులోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది కాబట్టి, గుంట తవ్వే ముందు మట్టి పరీక్ష గురించి అక్కడ అడగవచ్చు. రేగడి నేల అయితే మాత్రం కుండీయే నయం. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, అడుగు రంధ్రం మీద పెంకు ముక్క పెట్టి, పై మట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్లు పోయాలి.

లారెల్‌కు కుండీ కొత్త కాదు. యూరప్‌లో దాన్ని గుండ్రంగా కత్తిరించి గుమ్మానికి రెండు వైపులా నిలబెడతారు. చలికి అంత బెదరదు కాబట్టి బీదర్ డిసెంబరు దానికి ఇబ్బంది కాదు. మే మధ్యాహ్నపు ఎండే ఇబ్బంది. కొమ్మతో పెంచాలనుకునేవాళ్లకు ఓపిక కావాలి, వేరు పట్టడానికే నెలలు పడుతుంది. గింజ అంతకన్నా బద్ధకం.

పురుగుల్లో ముందు చూడాల్సింది పొలుసు పురుగు. ఆకు అడుగున, నడి ఈనె వెంట గోధుమరంగు చుక్కల్లా అంటుకుని కూర్చుంటుంది. కదలదు కాబట్టి పురుగని ఎవరికీ తట్టదు. చీమలు బారులు తీరి కొమ్మెక్కుతుంటే అనుమానించాలి. ఆ పురుగు విడిచే తేనె బంక కోసమే వాటి రాకపోకలు. బంక మీద నల్లటి మసి పేరుకుంటుంది. ఒకటి రెండు మొక్కలైతే మందుల జోలికి పోనక్కర్లేదు. సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో ఆకులు తుడిచి, సాయంత్రం వేపనూనె కొడితే చాలు.

తేజ్‌పత్తాలో ఆకు కోతకు తొందర పనికిరాదు. మేఘాలయ తోటల్లో చెట్టుకు పదేళ్లు వచ్చాకగాని కోత మొదలుపెట్టరు. కుండీ మొక్కకు అంత నియమం అక్కర్లేదు. గుబురు కట్టాక ముదురు ఆకులు నాలుగైదు తీసుకోవచ్చు, చిగురు మాత్రం ముట్టుకోకూడదు. లారెల్ ఆకు పచ్చిగా వేస్తే కొంచెం చేదు. నీడన కొన్నాళ్లు ఆరబెడితే ఆ చేదు తగ్గుతుంది.

ఇంతా చేసి తెచ్చుకున్నది ఆల్‌స్పైస్ అని తేలిందనుకోండి. పారేయనక్కర్లేదు, దాని ఆకూ బగారాలోకి బాగానే ఉంటుంది. కాకపోతే ఆ రోజు లవంగాలు రెండు తగ్గించాలి.