బిల్లు లేని విత్తనం, ఎవరో పంపిన యాప్

ఈ వారం మా ఊరి రైతుల వాట్సాప్ గ్రూపులో ‘పీఎం కిసాన్’ పేరుతో ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్లో యాప్ వేసే ఫైలు, వచ్చిపడింది. పక్కింటి కుర్రాడు నొక్కబోతూ, "బాబాయ్, ఇది వేసుకోమంటావా?" అని అడగబట్టి సరిపోయింది. ఇలాంటి ఫైలు లోపలికి రాగానే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, బ్యాంకు ఓటీపీ దొంగ చేతికి చేరినట్టే.

ఆ ఫైలు చూస్తే నాకు బిల్లు లేని విత్తనాలు గుర్తొచ్చాయి. అమరావతి చుట్టుపక్కల పత్తి వేసే రైతు ముందు రెండు దారులున్నాయి. ఒకటి, లాట్ నంబరు, గడువు తేదీ చూసి ప్యాకెట్ కొని బిల్లు అడగడం. రెండోది, కలుపుమందు కొట్టినా చావదని చెప్పి విడిగా అమ్మే విత్తనం తెచ్చుకోవడం. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది గానీ కలుపుమందును తట్టుకునే పత్తికి రాలేదు. అయినా పల్లెల్లోకి వస్తూనే ఉంది. కాయ పట్టకపోతే నిలదీయడానికి చేతిలో బిల్లు ఉండదు, అమ్మినవాడు కనిపించడు. మా నాన్న పంట ఇంటికొచ్చేదాకా బిల్లునూ ఖాళీ ప్యాకెట్‌నూ దాచేవాడు. యాప్ విషయంలోనూ నాది అదే పట్టుదల: ఇచ్చిందెవరో తెలియాలి.

అందుకే ‘ప్లే స్టోర్ దాటొద్దు’ అని ముగిద్దామనుకున్నా. కానీ 2020 నాటి అప్పుల యాప్‌లు గుర్తొచ్చాయి. ఫోన్లోని నంబర్లన్నీ లాక్కుని, బంధువుల ముందు పరువు తీసి, తెలుగు రాష్ట్రాల్లో మనుషుల ప్రాణాలు తీశాయి. వాటిలో కొన్ని ప్లే స్టోర్‌లోనే దొరికేవి. 2021 జనవరిలో గూగుల్ వాటిలో కొన్నింటిని తీసేసింది. మరోపక్క 2010 నుంచి నడుస్తున్న ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్‌ల దుకాణం ప్లే స్టోర్ బయటిదే. అందులో కోడ్ అందరికీ కనిపించే యాప్‌లే ఉంటాయి. ఖాతా తెరవక్కర్లేదు, మెయిల్ ఐడీ ఇవ్వక్కర్లేదు. కాబట్టి దుకాణం పేరొక్కటే చూసి నమ్మకూడదు, తోసిపుచ్చకూడదు. యాప్ ఏ అనుమతి అడుగుతోందో చూడాలి. మిర్చి యార్డు ధరలు చూపించే యాప్‌కి మన ఎస్సెమ్మెస్‌లతో పనేంటి?

అంతకంటే ముందు, ఆ యాప్ మనకు అవసరమా అని చూడాలి. సీసీఐకి (భారత పత్తి సంస్థకు) పత్తి అమ్మాలంటే 2025 నుంచి ‘కపాస్ కిసాన్’ యాప్ తప్పదు. దాన్ని స్టోర్‌లో తయారీదారు పేరు చూసుకుని మనమే వెతికి వేసుకోవాలి, ఎవరో పంపిన లింకు నుంచి కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలు చాలావాటికి కొత్త యాప్ అక్కర్లేదు. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ 9552300009 నంబరు మీద వాట్సాప్‌లోనే పనిచేస్తుంది.

ఈ రోజే సెట్టింగుల్లోకి వెళ్లి, తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి వాట్సాప్‌కి ఉంటే తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలోనూ తీసేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.